నలభై రెండు పేర్లు

మస్కట్,
9 అక్టోబర్ 1999

రయ్యా అక్కకు అజ్జాన్ సలాములు.

మేకలెలా ఉన్నాయి, నిమ్మచెట్టు కాసిందా అని ఈసారి అడగను. అడిగే ఓపిక లేదు. ఒక్కటే అడుగుతాను, తిన్నగా జవాబు రాయి. నీ గుర్తింపు కార్డు ఎవరికిచ్చావు?

నా ఉద్యోగం ఏమిటో ఊళ్ళో అందరికీ చెప్పుకుంటావుగా. షేర్ల అమ్మకాల్లో మోసాలు జరగకుండా చూడడానికి పెట్టిన ఆఫీసు మాది. కొత్త కంపెనీ జనానికి షేర్లు అమ్మితే, ఎవరికెన్ని వెళ్ళాయో ఆ జాబితా మా దగ్గరికి వస్తుంది. పోయిన నెల చేపల డబ్బాల కంపెనీ ఒకటి షేర్లు అమ్మింది. ఒక మనిషికి రెండు వందలకు మించి ఇవ్వకూడదని మేము నియమం పెట్టాం. డబ్బున్నవాళ్ళు మొత్తం ఊడ్చుకుపోకుండా జాలర్లకూ చిన్న జీతగాళ్ళకూ కూడా నాలుగు దొరకాలని పెట్టిన నియమం అది. దానికోసం ఆఫీసులో ఎనిమిది నెలలు పోట్లాడాను.

నిన్న జాబితా తిరగేస్తుంటే మన ఘాఫా పేరు కనిపించింది. ముందు సంతోషించాను. మనవాళ్ళు కూడా షేర్లు కొంటున్నారే అనుకున్నాను. నలభై మూడు పేర్లు. అందరూ ఆడవాళ్ళే. అందరికీ ఒకటే పోస్టుబాక్సు, ఒకటే బ్యాంకు, ఫారాలన్నిటి మీదా ఒకటే చేతిరాత. మహ్‌ఫూదా పిన్ని రెండు వందల షేర్లు కొన్నదట! ఆవిడకు డెబ్బై రెండేళ్ళు, చేపల వాసనే పడదు. జాబితాలో అందరికంటే పైన ఉన్న పేరు నీది.

ఆ పోస్టుబాక్సు మన మేనమామ కొడుకు హమూద్‌ది. వాడు రువీలో ఒక పెద్ద వ్యాపారి దగ్గర దళారీగా తిరుగుతున్నాడని నాకు తెలుసు. పక్క బల్ల అతను "మీ ఊరే కదా అజ్జాన్?" అని అడిగితే నా తల కొట్టేసినట్టయింది.

హమూద్ ఏం చెప్పాడు, మీరు ఎక్కడెక్కడ సంతకాలు పెట్టారు, ఒక్కటి కూడా దాచకుండా రాయి.

అజ్జాన్

*

ఘాఫా,
16 అక్టోబర్ 1999

తమ్ముడు అజ్జాన్‌కు,

నీకూ నీ భార్యకూ పిల్లలకూ అల్లా మేలు చెయ్యాలి. నువ్వు అడక్కపోయినా చెబుతున్నాను, మేకలు బాగున్నాయి. నిమ్మచెట్టు కూడా బాగుంది. అక్కకు ఉత్తరం రాసే పద్ధతి ఇదేనా? పోలీసు స్టేషన్‌కి పిలిపించిన దొంగనా నేను?

దాచడానికేముంది. హమూద్ వచ్చాడు. కాఫీ తాగాడు, ఖర్జూరాలు తిన్నాడు, నిజ్వా నుంచి హల్వా తెచ్చాడు. "అక్కా, అజ్జాన్ వాళ్ళ ఆఫీసే ఈ షేర్లు అమ్మిస్తోంది. మనిషికి ఇన్నే అని లెక్క పెట్టారు. మా సేఠుకి పేర్లు కావాలి. పేరు ఇచ్చినందుకు పదిహేను రియాళ్ళు" అన్నాడు. నీ ఆఫీసు అన్నాడు కాబట్టే నా పేరు అందరికంటే ముందు రాయించాను. తమ్ముడి కొలువుకి అక్క కాకపోతే ఎవరు ముందుంటారు? తర్వాత నేనే ఇంటింటికీ తిరిగి మిగతావాళ్ళకు చెప్పాను. రయ్యా చెప్పిందంటే చాలని కార్డులు నా చేతిలో పెట్టారు. కొన్నిచోట్ల సంతకం, కొన్నిచోట్ల వేలిముద్ర. ఖాళీ కాగితాలు కూడా ఉన్నాయి, షేర్లు తర్వాత సేఠు పేరుకి మార్చుకోడానికట.

ఇందులో తప్పేమిటో నాకు నిజంగా తెలియడం లేదు. మన ఫలజ్ కాలువ నీళ్ళ వేలం మర్చిపోయావా? పాట పాడేది ఒకరు, పేరు ఇంకొకరిది, నీళ్ళు పారేది మరొకరి తోటకి. మహ్‌ఫూదా పిన్ని మొగుడు పోయి తొమ్మిదేళ్ళయింది, ఇప్పటికీ ఆయన పేరు మీదే వంతు పాడుతున్నారు. ఆ నీళ్ళు ఎవరి మడిలోకి వెళ్తాయో నీళ్ళ వంతులు చూసే అరీఫ్‌కి తెలుసు, ఊరందరికీ తెలుసు. ఎవరైనా మోసం అన్నారా? పేరు అనేది పిలవడానికే. మాట ఇచ్చాం, మాట ప్రకారం నడుచుకుంటాం. హమూద్ డబ్బు కూడా సరిగ్గానే ఇచ్చాడు. పిన్ని దాంతో ఒక పాడి మేకని కొనుక్కుంది. దానికి నీ పేరు పెడదామంటే నేనే వద్దన్నాను.

ఎవరి సొమ్ము తిన్నామని ఇంత గంతులేస్తున్నావు? ముందు అది చెప్పు.

రయ్యా

*

మస్కట్,
23 అక్టోబర్ 1999

అక్కా,

ఎవరి సొమ్ము తిన్నారో చెబుతాను విను.

సోమవారం మా ఆఫీసుకి ఒకాయన వచ్చాడు. సూర్‌లో బడి కాపలాదారు. ఇద్దరు ఆడపిల్లల పేర్ల మీద షేర్లు కొందామని ఏడాదిన్నర కూడబెట్టి, బ్యాంకు ముందు రెండు రోజులు ఎండలో నిలబడ్డాడు. ముందు చేరిన ఫారాలకే షేర్లు చాలావరకు అయిపోయాయి కాబట్టి ఆయనకు దక్కినవి తొమ్మిది. "అయ్యా, మా సూర్‌లోనే తొమ్మిది వచ్చినవాళ్ళు యాభై మంది ఉన్నాం. మిగతావన్నీ ఎవరెత్తుకుపోయారు?" అని నన్నడిగాడు. నా బల్ల మీద ఉన్న జాబితాలో పైన నీ పేరు ఉంది. ఆయన ముందు ఆ కాగితాన్ని బోర్లా పెట్టాను. నా జన్మలో అంత సిగ్గుపడలేదు.

ఫలజ్ నీళ్ళు వేరు అక్కా. అక్కడ రెండు వందల గడప, ఎవరి నీళ్ళు ఎవరివో అందరికీ తెలుసు. ఇక్కడ మొహాలు తెలియనివాళ్ళు లక్షమంది. వాళ్ళకు నమ్మకంగా ఉన్నది ఆ జాబితా ఒక్కటే. అందులో పేరు ఎవరిదో మనిషి అతనే కావాలి. ఒక్క ఘాఫాయే కాదు, ఆ సేఠు పదహారు ఊళ్ళలో ఇలాగే పేర్లు కొన్నాడు. హమూద్ నా ఆఫీసు పేరు చెప్పి నిన్ను బుట్టలో వేశాడు. వాడు దొరికితే నేను ఊరుకోను.

ఇప్పుడు నే చెప్పినట్టు చెయ్యి. ఈ కవరులో ఒక ఫారం పెట్టాను. "నాకు చదువు తక్కువ, విషయం తెలియక, మోసపోయి సంతకం పెట్టాను" అని అందులో ఉంది. కింద సంతకం చేసి పంపు. అలా రాసిచ్చినవాళ్ళ మీద జరిమానా ఉండదు, పేరు బయటికి రాదు. మిగతావాళ్ళ చేత కూడా పెట్టించు. ఈ ఫైలు నాకే ఇచ్చారు. జనవరిలో నన్ను విభాగానికి అధికారిని చేస్తామంటున్నారు. ఈ సమయంలో పంతాలకు పోకు.

అజ్జాన్

*

ఘాఫా,
1 నవంబర్ 1999

అజ్జాన్‌కు,

నీ కాగితం నాకు అందింది. పొయ్యి రాజెయ్యడానికి పనికొచ్చింది.

"చదువు తక్కువ" అట! నలభై ఏళ్ళు వచ్చాక పెద్దవాళ్ళ బడిలో కూర్చుని, పిల్లలందరూ నవ్వుతుంటే అక్షరాలు దిద్దుకున్నాను. నీ ఉత్తరం ఇంకొకరి చేత చదివించుకోకూడదని నేర్చుకున్నాను. అలాంటిది, నేను తెలివితక్కువదాన్నని ఆ అక్షరాలతోనే రాసిమ్మంటావా? హమూద్ నీ ఆఫీసు గురించి అబద్ధమాడాడు, నిజమే. వాడు మళ్ళీ వస్తే కాఫీ కాదు, చీపురు తీస్తాను. కానీ పేరు అమ్ముతున్నానని నాకు తెలుసు. డబ్బు లెక్కపెట్టుకునే తీసుకున్నాను. నేను మోసపోలేదు. తెలిసే చేశాను.

ఆ బడి కాపలాదారు సంగతి చదివాక మాత్రం ఆ రోజంతా నా మనసు మనసులో లేదు. ఆ సంగతి మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటే నేను ఇంత నోరు చేసేదాన్ని కాదు. నువ్వేమో పక్క బల్లవాడి ముందు తల కొట్టేసిందని రాశావు. నీకు నీ తల గోలే గానీ అవతలి మనిషి గోల తర్వాతే.

నిన్న మధ్యాహ్నం అందరినీ మా వాకిట్లో కూర్చోబెట్టి విషయం చెప్పాను. ఎంత గొడవయిందో. "షేర్ల ధర రెండింతలైందట, అవి మన పేరు మీదే ఉన్నాయి, మనమే ఉంచేసుకుందాం" అని కొందరు. "హమూద్‌కి మాట ఇచ్చాం కదే" అని కొందరు. చివరికి మహ్‌ఫూదా పిన్ని కర్రతో నేల కొట్టి, "నోర్ముయ్యండే. తప్పు చేశామని అజ్జాన్ అంటున్నాడు. చేశాం. నెత్తిమీద పడిందేదో మొయ్యండి. నలభై ముగ్గురం ఉన్నాం, తలా కాస్త మోస్తే పోతుంది" అంది. ఆ మాట మీద అందరూ ఒప్పుకున్నారు. మోసపోయామని ఎవరూ సంతకం పెట్టరు. ఏం జరిగిందో అదే రాసి ఇస్తాం.

ఉన్నది ఉన్నట్టు రాయి. జరిమానా వేస్తే కడతాం. నీ పదోన్నతికి నా చేత అబద్ధం ఆడించకు.

రయ్యా

*

మస్కట్,
10 నవంబర్ 1999

అక్కా,

నా పదోన్నతి కోసం అంటావా? సరే, అలాగే అనుకో. నీతో వాదించి గెలిచినవాడు మనింట్లో పుట్టలేదు.

నివేదిక ఇచ్చేశాను. సేఠు ఇలా పరాయి పేర్ల మీద కొన్న షేర్లన్నీ రద్దు. అవి తొమ్మిదేసి వచ్చినవాళ్ళకు పంచుతారు. హమూద్ లైసెన్సు పోయింది. పేర్లు ఇచ్చినవాళ్ళకు మనిషికి నలభై రియాళ్ళ జరిమానా. అందరి పేర్లూ పేపర్లో వేస్తారు. ఇకముందు ఎవరూ ఇలా చెయ్యకుండా ఉండాలని మా డైరెక్టర్ పట్టుబట్టాడు. ఆడవాళ్ళ పేర్లు వద్దు సార్ అని ఎంతో చెప్పి చూశాను. "పేరు అమ్ముకోడానికి లేని సిగ్గు అచ్చులో పడడానికెందుకు?" అన్నాడు.

నీ సంగతి నేను చూసుకున్నాను. ఎలా అని అడగకు.

అజ్జాన్

*

ఘాఫా,
24 నవంబర్ 1999

అజ్జాన్,

సలాం రాయడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు.

"నీ సంగతి నేను చూసుకున్నాను" అంటే నా జరిమానా నువ్వు కట్టావనుకున్నాను. పిచ్చిదాన్ని, మనసులో మురిసిపోయాను కూడా. ఆ మాటే అందరికీ చెప్పాను. "మా తమ్ముడు నాది కట్టేశాడు, మీలో కట్టలేనివాళ్ళుంటే చెప్పండి, వాడితో మాట్లాడతాను" అని పెద్దమనిషిలా చెప్పాను.

సోమవారం బడి పంతులమ్మ పేపరు తెచ్చింది. పిన్ని ఇంట్లో అందరం కూర్చున్నాం. ఆమె ఒక్కో పేరూ చదువుతుంటే ఒక్కొక్కరూ ముసుగు ముందుకి లాక్కున్నారు. పిన్ని పేరు వచ్చింది. "పెళ్ళయ్యాక మా ఆయన కూడా నలుగురిలో నన్ను పేరుపెట్టి పిలవలేదమ్మా. రేపు ఆ పేపర్లో ఎవడో చేపలు చుట్టుకుపోతాడు" అంది. నా పేరు కోసం చూస్తున్నాను. నలభై రెండు పేర్లు చదివి పంతులమ్మ పేపరు మడిచేసింది. "ఇంకొకటి ఉండాలి, మళ్ళీ చూడు" అన్నాను. ఆమె మళ్ళీ చదివింది. లేదు.

ఒక్కరైనా తిట్టి ఉంటే బాగుండేది. కాఫీ గిన్నె అందరి చేతుల్లోకీ తిరిగింది, నా ముందు ఆగలేదు. వాళ్ళ కార్డులు తీసుకెళ్ళింది నేను. మోసపోయామని సంతకం పెట్టొద్దని చెప్పింది నేను. తీరా చూస్తే పట్టించిందీ నేనే, తప్పించుకుందీ నేనే! ఎవరైనా అలాగే అనుకుంటారు. నేనైనా అనుకుంటాను.

మూడు రోజులైంది, నా సలాముకి ఎవరూ బదులు చెప్పడం లేదు. ఇవాళ పిన్ని తన ఇంటి తలుపు నా మొహం మీదే వేసింది. అమ్మ పోయాక మనిద్దరికీ నెల రోజులు అన్నం వచ్చింది ఆ ఇంటి నుంచే. రంజాన్ వస్తోంది. ఉపవాసం ఎవరితో కూర్చుని విడవాలి? మేకలతోనా?

ఎవరడిగారు నిన్ను ఈ మేలు? నన్ను ఊరి నుంచి వెలేశావు కదరా. నా పేరు పేపర్లో వేయించు. ఎలా వేయిస్తావో నాకు తెలియదు.

రయ్యా

*

మస్కట్,
28 నవంబర్ 1999

అక్కా,

అవును, తీసేశాను. టైపు చేసేటప్పుడు నీ వరుస దగ్గర చెయ్యి ఆగింది. నలభై రెండు అని కొట్టాను. ఫారాల్లో నీది ఒక్కటే చించేశాను. ఎవరూ చూడలేదు.

తప్పే. అది తప్పని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే ఏం చెయ్యమంటావు? అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు, నీకు పదహారు. నా చదువయ్యేదాకా వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొట్టావు. అలాంటి నీ పేరు, నేను రాసిన నివేదికలో, నా సంతకం కింద, దొంగల జాబితాలో అచ్చువేయించాలా? నా వల్ల కాలేదు. నువ్వు నన్ను తిట్టు. ఆ పని మాత్రం నా వల్ల కాలేదు.

నాకూ ఒళ్ళు మండుతోంది అక్కా. నీ మీదే. ఆ ఫారం మీద ఒక్క సంతకం పెట్టి ఉంటే ఇదంతా ఉండేది కాదు. నీ పంతం నెగ్గించుకోడానికి నా చేత దొంగపని చేయించావు. ఇప్పుడు మళ్ళీ పేరు వేయించమంటున్నావు. వేయించాలంటే అది ఎందుకు పోయిందో చెప్పాలి. చెబితే నా ఉద్యోగం ఆ రోజే పోతుంది. అంతటితో ఆగకపోవచ్చు, కేసు కూడా పెట్టొచ్చు. నాకు ముగ్గురు పిల్లలు.

ఆర్నెల్లు ఓపిక పట్టు. ఊరు మర్చిపోతుంది. కావాలంటే ఇక్కడికి వచ్చెయ్, రంజాన్ మాతో గడుపు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఎవరితోనూ ఏమీ అనకు.

అజ్జాన్

*

ఘాఫా,
5 డిసెంబర్ 1999

తమ్ముడు అజ్జాన్‌కు,

ఈ ఉత్తరం నీకు చేరేలోపే నీకు కబురు తెలిసిపోయి ఉంటుంది. అయినా నా నోటితో చెప్పాలి కదా.

నిన్న మస్కట్ వచ్చాను. ఒంటరిగా కాదు, మహ్‌ఫూదా పిన్నిని అడిగాను. "నేనూ వస్తాను. నువ్వు నిజంగా చెబుతావో లేదో నా కళ్ళతో చూడాలి" అంది. నిజ్వా నుంచి టాక్సీలో రెండు గంటలు పక్కపక్కనే కూర్చున్నాం. దారిలో నేనిచ్చిన ఖర్జూరం ఆవిడ తీసుకోలేదు.

మీ డైరెక్టర్ గదికి వెళ్ళాం. నువ్వు రాసినంత చెడ్డవాడు కాదు, లేచి నిలబడి కుర్చీలు చూపించాడు. "ఘాఫా జాబితాలో ఇంకొక పేరుంది. అది నాది" అన్నాను. ఎలా పోయిందో చెప్పాను. నువ్వెవరో చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అమ్మా, మీరిది రాసిస్తే మీ తమ్ముడి ఉద్యోగం పోతుంది. తెలుసా?" అన్నాడు. "తెలుసు" అన్నాను. "మా ఆఫీసులో అంత నిక్కచ్చి మనిషి ఇంకొకడు లేడమ్మా" అన్నాడు. అది కూడా తెలుసన్నాను. పిన్ని మధ్యలో అందుకుని, "రాయించుకో నాయనా, మా అందరికంటే ఈవిడ ఏమంత గొప్పది?" అంది. అని నా చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా ఏడవకుండా ఉన్నదాన్ని, అప్పుడు ఏడ్చాను.

రాసి సంతకం పెట్టాను. జరిమానా నలభై రియాళ్ళూ బల్ల మీద పెట్టాను.

నీ మీద కోపం పోలేదు. ఒక మాట అడగకుండా నా పేరు తుడిచేశావు. నా కోసం చేశానంటావు, నేను ఏం కోరుకుంటున్నానో మాత్రం అడగవు. ఆ ఫారం పంపినప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నీ కంటికి నేనింకా పొగలో కూర్చుని నీకు రొట్టె కాల్చే అమ్మాయినే. ఆ కోపంతోనే వచ్చాను, ఆ కోపంతోనే సంతకం పెట్టాను. నిన్ను చూడకుండా వెళ్ళిపోదామనుకున్నాను.

మెట్ల దగ్గరికి వెళ్తుంటే నీ గొంతు వినబడింది. తలుపు కాస్త తెరిచి ఉంది. నీ ఎదురుగా ఎవరో పెద్దాయన, నడుముకి వెండి పిడి కత్తితో, వెనక ఇద్దరు మనుషులతో. కొడుకు పేరు ఏదో జాబితాలో ఉందట, తీసెయ్యమంటున్నాడు. "ఒక్క పేరే కదా నాయనా, ఎవరు చూడొచ్చారు?" అంటున్నాడు. "కుదరదండీ. మీ అబ్బాయికైనా, మా ఇంట్లో వాళ్ళకైనా నియమం ఒకటే" అన్నావు. గట్టిగానే అన్నావు గానీ, "మా ఇంట్లో" అన్నప్పుడు తల దించుకున్నావు. చిన్నప్పుడు అబద్ధం చెప్పినప్పుడల్లా అంతే.

వెనక్కి వెళ్ళి ఆ కాగితం ఇచ్చెయ్యమని డైరెక్టర్‌ని అడుగుదామనిపించింది. రెండడుగులు వేశాను కూడా. ఇచ్చేవాడేనేమో. కానీ తీసుకుంటే, నువ్వు ఆ పెద్దాయనకు చెప్పిన మాట అబద్ధంగానే ఉండిపోతుంది.

అక్క
రయ్యా